గుంత మీద పలక

తిరుత్తణిలో మా ఇంటి ముందుగది తలుపు తీయగానే ఎడమచేతి పక్క ఒక గుంత ఉండేది. నేత ఇళ్ళలో పుట్టినవాళ్ళకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ళకు చెప్పాలి. గుంటమగ్గం నేసే మనిషి నేల మీదే కూర్చుంటాడు. కాళ్ళు మాత్రం గుంతలోకి దిగి ఉంటాయి. మగ్గాన్ని నడిపే తొక్కుడు చెక్కలు ఆ గుంత అడుగున ఉంటాయి. చేతులు పైన నూలు కండె పెట్టిన నాడెను విసురుతుంటే కాళ్ళు కింద నడుస్తుంటాయి. మా ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నాకు నడుము వరకే కనిపించేవాడు. బయటికి పోవడానికి లేచి నిలబడినప్పుడు, ఇంత పొడుగు మనిషా అని పెళ్ళయిన కొత్తలో ఆశ్చర్యపోయేదాన్ని.

ఆయన జ్వరంతో పోయాడు. ఏడాది తిరిగాక పళ్ళిపట్టు నుంచి ఒక బంధువు వచ్చి మగ్గం విప్పి బండి మీద వేసుకుపోయాడు. పనిచేసే వస్తువు పని జరిగే చోట ఉండాలని నేనే ఇచ్చేశాను. అందుకు ఏమీ వెనకాడలేదు. పన్నె, అచ్చు, నాడెలు, మగ్గం సామాను అంతా మూటగట్టి బండి దాకా నేనే మోసుకెళ్ళాను. గుంత మిగిలింది. దాన్ని ఎవరూ బండి మీద వేసుకుపోలేరు. పిల్ల పడకుండా దాని మీద నులకమంచం బోర్లించి పెట్టాం.

పిల్ల అంటే మా మరిది కూతురు. అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. మరిది ఆయనకు ఒక్కడే తమ్ముడు. నేత వదిలేసి పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనికి చేరాడు. తను, తన భార్య, పిల్ల, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పిల్లలు లేరు. తిరువళ్ళూరులో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. పొద్దున రైల్లో నేనూ మరిదీ కలిసే పోయేవాళ్ళం. నేను తిరువళ్ళూరులో దిగిపోతే తను ఇంకా ముందుకు పోయేవాడు.

ఇదంతా ఎనభైల మొదట్లో. ఇంటి కప్పు నాటుపెంకులది. దూలాలకు చెదలు పట్టాయి. వాన వస్తే గిన్నెలూ బకెట్లూ పరిచి, ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో చీకట్లో కూడా తెలిసేంత అనుభవం సంపాదించాం. ముందుభాగం దించేసి, గోడల ఎత్తు పెంచి, కాంక్రీటు కప్పు వేయించాలని మరిదీ నేనూ అనుకున్నాం. ఆడికృత్తిక పండగకు కొండ మీది గుడికి వచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు కాబట్టి ఆ లోపల పని ముగియాలి. పని చూసుకునే బాధ్యత నా మీద పడింది. ఎవరూ పెట్టలేదు, నేనే తీసుకున్నాను. ఎక్కడ ఏం కావాలో నాకు తెలుసు. కిటికీ ఎంత ఎత్తున ఉండాలి, గూడు ఏ గోడకు రావాలి, నీళ్ళు ఎటు పారాలి అని మేస్త్రి అడిగితే ఆలోచించుకుని రేపు చెప్తానని నేను ఒక్కసారి కూడా అనలేదు.

ఒక్క గుంత విషయంలోనే నా దగ్గర జవాబు లేదు. అది పోకూడదని నాకు ఉండేది. ఎందుకు పోకూడదంటే పదిమంది ముందు చెప్పదగ్గ కారణం ఏదీ దొరకలేదు. మగ్గం లేదు, నేసేవాడు లేడు, ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఇంకెవరింట్లోనైనా ఇదే గుంత ఉండి, నన్ను సలహా అడిగితే, తీసేయమనే చెప్పేదాన్ని.

ఇంట్లో ఉంటూనే ఇంటిని పడగొట్టించుకోవడం ఒక రకమైన కాపురం. పొయ్యి పెరట్లో తాటాకు పందిరి కిందికి వెళ్ళింది. పడకలు వెనకగదిలో ఒకదాని పక్కన ఒకటి. సున్నం, సిమెంటు, ఇసుక మూడూ కలిసిన రుచి ఒకటుంది. ఆ నెలలన్నీ మా పులుసులో అదే రుచి. మా తోడికోడలు ఎండబెట్టిన వడియాల మీద దుమ్ము పడిందని ఇసుక దించిన బండివాడితో యుద్ధానికి దిగింది. వాడు ఎద్దులతో మాట్లాడుతున్నట్టు తమిళంలో తనకు జవాబిచ్చాడట. పిల్లకు మాత్రం ఇసుక కుప్పే ఇల్లయింది. సాయంత్రం నేను దిద్దిన పరీక్ష పేపర్లు బడికి తీసుకెళ్తే, ఇవి సున్నం వాసన వస్తున్నాయని పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వేవాళ్ళు.

ఇల్లు ఎట్లా ఉండాలో నేను నేర్చుకున్నది చాలావరకు రైల్లోనే. పాత పెట్టెల కిటికీలకు రెండు తలుపులు ఉండేవి, ఒకటి అద్దానిది, ఒకటి చెక్కరెక్కలది. చెక్కరెక్కలది దించితే గాలి వస్తుంది, ఎండ రాదు, బయటివాళ్ళకు లోపల ఉన్నవాళ్ళు కనపడరు. ముందుగది వీధిలోకే ఉంది. నాకు కావాల్సిందీ అదే. మా వడ్రంగికి ఆ రెక్కలు ఏ వాలులో ఉంటాయో చేత్తో పట్టి చూపించాను. అతను తెలుగువాడే, నగరి పక్కవాడు. అంతా విని చెవి మీద పెన్సిల్ సర్దుకున్నాడు.

"రైలు కిటికీ పెడితే ఇల్లు యాడికి పోతాదమ్మా, అరక్కోణానికా?" అన్నాడు.

చేయడం మాత్రం బాగా చేశాడు. 

తిరువళ్ళూరు స్టేషన్ బయట ఒక ఇడ్లీ కొట్టు ఉండేది. వాళ్ళ సిమెంటు గట్టు వెనక్కి కొంచెం వాలి ఉండేది. ఎంత నీళ్ళు ఒలికినా ముందుకు, తినేవాళ్ళ ఒళ్ళోకి రావు, గోడ పక్కన కాలవలోకి పోతాయి. ఆ కొట్టులో నేను కాఫీ తాగిన రోజులన్నీ ఆ గట్టునే చూస్తూ తాగాను. మా వంటగట్టు అట్లాగే వచ్చింది. బడిలో నల్లబల్ల కింద సుద్దముక్కలు పెట్టుకోవడానికి సన్నటి చెక్క ఉంటుంది. అంత వెడల్పుతోనే, నా మోచేతి ఎత్తులో, ముందుగది గోడ పొడుగునా ఒక అరుగులాంటిది కట్టించాను. దువ్వెన, అగ్గిపెట్టె, కళ్ళజోడు, రైలు పాసు ఏది ఎక్కడ పెట్టామా అని వెతుక్కునే ఇల్లు మాది. ఆ తర్వాత వెతుకులాట సగం తగ్గింది.

నేల ఎర్రగచ్చు. అందులో కూడా మొదట వాదన జరిగింది. మా తోడికోడలికి మొజాయిక్ కావాలి. నాకు ఆ పొడలు పొడల నేల మీద పడిన గుండుసూది కూడా కనపడదు. ఎర్రగచ్చుకు గోడల వెంబడి చేతివెడల్పు నల్ల అంచు వేయించాను. గోడ మొదట్లో కూడా అదే నలుపు కొంత ఎత్తు వరకు. తడిగుడ్డతో తుడిచినప్పుడు మురికి మరకలు పడేది అక్కడే. అంచు గురించి ఆయన ఒకసారి చెప్పిన మాట నాకు గుర్తుంది. చీర అంచు ఎంత బాగుందో అని నేనంటే ఆయన నాడె ఆపలేదు. "అంచు సోకుకి పెట్టింది గాదు. అది లేకుంటే గుడ్డ పక్కలకి పీలికలైపోతాది. గట్టితనం ముందు వచ్చింది, సోకు తర్వాత వచ్చి కూసునింది" అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పుస్తకాల్లో అందం గురించి నేను చదివిన పేజీలు చాలానే ఉన్నాయి. ఇల్లు కట్టేటప్పుడు వాటిలో ఒక్కటీ పనికి రాలేదు. ఈ మాట వచ్చింది.

పిట్టగోడ మీద సిమెంటు నెమలి పెట్టించాలన్నది మరిది కోరిక. తిరువళ్ళూరు రాకముందు రైలు మార్గం పక్కన ఒక కొత్త ఇంటిమీద అట్లాంటిది ఉంది. పురి విప్పిన నెమలి, దాని వెనక సూర్యకిరణాలు, రెండు వైపులా రెండు కుండలు, వాటికి రంగులు. రోజూ ఆ ఇల్లు రాగానే తను కిటికీ వైపు వంగేవాడు. నెమలినెక్కే స్వామి కొండ కింద ఊరు కదా, మా ఊళ్ళో నెమలి లేని గోడ వెతికినా దొరకదు. ఒకరోజు రైల్లోనే ఆ మాట తెచ్చాడు. ఆ నెమలి కింద నిలబడితే నీడ పడుతుందా అని అడిగాను.

"నీడ కోసరం నెమిలిని పెడతారా వదినా? బళ్ళో పిలకాయల్ని అడిగినట్ల అడగతా ఉండావే" అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు.

నెమలికి బదులు తలుపు మీదా కిటికీ మీదా వెడల్పాటి సన్‌షేడ్ వచ్చింది. ఎండలో నడిచి వచ్చిన మనిషి చెప్పులు విప్పుకునేంతసేపు దాని కింద నిలబడవచ్చు. మరిది కొన్నాళ్ళు అలిగాడు, తర్వాత వాన రోజున తడవకుండా తాళం తీసుకున్నప్పటి నుంచి నెమలి మాట ఎత్తలేదు. నేను గెలిచినవే చెప్తున్నానని అనుకోకండి. గోడలో అద్దాల షోకేసు కావాలని మా తోడికోడలు పట్టుబట్టింది. అందులో గాజు బాతులు, ప్లాస్టిక్ గులాబీలు, ఊరేగింపుగా నిలబడే ఏనుగులు పెట్టుకుంటానంది. కట్టించాను. తన కూతురు ఆ ఏనుగుల పేర్లు చెప్పుకుంటూ అన్నం తినేది. ఆ షోకేసు కూడా పనికొచ్చిందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

నేల పని మొదలయ్యే వారం గుంత మాట రానే వచ్చింది. అన్నం తింటున్నప్పుడు మరిది చాలా జాగ్రత్తగా అడిగాడు. గుంతకు ఏం చేద్దామని. ఒక బండి మట్టి, ఒక బండి ఇసుక పోసి దిమ్మిస కొట్టించి, పైన గచ్చు వేయిస్తే గది గదిలా ఉంటుందని. తన మాటల్లో తప్పు లేదు. పిల్ల ఆ వైపు అడుగు వేసినప్పుడల్లా మా తోడికోడలు చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. వాడని మగ్గం గుంత ఇంట్లో తెరిచి ఉండటం మంచిది కాదని వీధిలో పెద్దవాళ్ళు కూడా అప్పటికే ఒకరిద్దరు అని ఉన్నారు. అట్లాగే చేద్దామన్నాను. మేస్త్రికి నేనే చెప్తానన్నాను.

చెప్పడానికి ఒక మాట నాకు అడ్డం వచ్చింది. మా తెలుగులో గుంతను పూడుస్తారు. ఆ పనికి వేరే మాట లేదు. మావాళ్ళలో పోయినవాళ్ళను కట్టెల మీద పెట్టరు. కూర్చోబెట్టి పూడుస్తారు. ఆయనను కూడా అట్లాగే, కాళ్ళు మడిచి, గుంతలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళం దూరంగా నిలబడ్డాం. పైన మట్టి పడుతున్న చప్పుడు మాత్రం అందరికీ వినిపించింది. బతికినన్నాళ్ళూ గుంత ఒడ్డున కూర్చున్న మనిషి. ఇంట్లో గుంత గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ మాట నా గొంతు దాటేది కాదు. తీసేద్దాం, సరిచేద్దాం, చదును చేద్దాం అంటూ దాని చుట్టూ తిరిగేదాన్ని.

మేస్త్రి అరక్కోణం పక్క పల్లెవాడు, నడివయసు మనిషి. తమిళం తప్ప ఇంకేదీ రాదు. మాకు రెండూ ఒకటే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాకిట్లో నిలబడితే రెండూ కలిసిపోయేవి. ఆ పొద్దున నేను రైలుకు బయలుదేరుతున్నాను, ఒక కాలు గడప బయట ఉంది. అతను తాపీ పట్టుకుని వచ్చి కుళి ఏం చేయమంటారు టీచరమ్మా అని అడిగాడు. కుళి అంటే గుంత. తమిళంలో కూడా దాన్ని నింపడానికి సూటిగా ఒక మాట ఉంది. నేను ఆ మాట వాడలేదు.

"కుళియ మూడిట్టు మేలె పలక పోడుంగ" అని చెప్పాను.

గుంత మూసేసి పైన పలక వేయండి అని. పలక అంటే మా ఇంట్లో కడపరాయి. ఊరంతా కడప్పాకల్లు అంటుంది. వంటింట్లోకి మొదటిసారి ఆ నల్లరాయి తెచ్చినప్పుడు ఆయన దాన్ని తట్టి చూసి, బడిపిలకాయల పలక మాదిరి ఉండాదే అన్నాడు. అప్పటి నుంచి మా నలుగురికీ అది పలకే. ఎర్రగచ్చు గుంత మీద పగుళ్ళిస్తుందేమో, అక్కడ మాత్రం రాయి వేస్తే మంచిదని నా లెక్క. ఆ మాట మా ఇంటి గోడలు దాటి ఎవరికీ తెలియదన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. మేస్త్రి ఒక్కసారి నా ముఖం చూసి, సరి అన్నాడు. నేను రైలు అందుకోవడానికి పరుగెత్తాను.

బడిలో ఆ రోజంతా పాఠం బాగానే చెప్పాను. పిల్లలకు తేడా తెలిసి ఉండదు. అయితే మధ్యాహ్నం నుంచి, ఈపాటికి మట్టి పోసి ఉంటారు, ఈపాటికి దిమ్మిస కొడుతూ ఉంటారు అని లోపల ఒక గొంతు చెప్తూనే ఉంది. తిరిగి వచ్చే రైల్లో కిటికీ పక్క చోటు దొరికినా బయటికి చూడలేదు. ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. మేస్త్రి మనుషులు సామాన్లు కడుక్కుంటున్నారు. ముందుగది నేల తడిగా, ఎర్రగా మెరుస్తోంది. కాలు పెట్టకూడదు కాబట్టి గడప దగ్గరే ఆగిపోయాను.

ఎడమపక్క, గుంత ఉన్నచోట, చెక్క కనిపించింది. మేము పడగొట్టిన అటక పలకలు. నూలు కట్టలు దాచుకోవడానికి ఆయన తండ్రి కాలంలో వేసిన మంచి వేపచెక్క. పెరట్లో పేర్చి ఉంచిన వాటిని తెచ్చి, చిత్రిక పట్టించి, గుంత చుట్టూ సిమెంటుతో అంచు కట్టి, ఆ అంచులో కూర్చునేలా బిగించారు. గచ్చుకూ చెక్కకూ ఎత్తులో తేడా లేదు. ఒక పలకకు వేలు దూరే తొర్ర కూడా చేశారు, ఎత్తడానికి. కింద గుంత గుంతలాగే ఉంది.

నేను గడప దగ్గరే వంగి ఆ చెక్కనే చూస్తున్నాను. అదే అతనికి అనుమానం తెప్పించినట్టుంది. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పలగైదానే సొన్నీంగ, టీచరమ్మా?"

పలకే కదా చెప్పారు అని. తమిళంలో పలగై అంటే చెక్క. పలుకుబడిలో పలగ అంటారు. మూడిట్టు అంటే మూత వేసి అని. నేను చెప్పింది అతను అక్షరం పొల్లుపోకుండా చేశాడు. ఇంత మంచి గచ్చు మధ్యలో చెక్క ఎందుకో అతనికి అర్థం కాలేదట. వడ్రంగిని అడిగితే, ఆ అమ్మ రైలు కిటికీ పెట్టించిన మనిషి, చెప్పింది చెయ్ అన్నాడట.

మరిది తర్వాతి బండికి వచ్చాడు. గడప దగ్గర నిలబడి చూశాడు, సంగతి విన్నాడు. మొదట నవ్వాడు. తర్వాత మేస్త్రితో తమిళంలో గొడవ మొదలుపెట్టాడు. గుంత ఉంటే గదెట్లా అవుతుంది, పిల్ల ఎక్కి తొక్కితే చెక్క జారితే ఎవరిది బాధ్యత అన్నాడు. మేస్త్రి కూడా తగ్గలేదు. దాని మీద ఏనుగునెక్కించినా ఆ చెక్క కదలదన్నాడు. ఏ ఏనుగు, షోకేసులోదా అని మా తోడికోడలు వెనకనుంచి అడిగింది. ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే చెక్క పీకించి, మట్టి తోలించి, గచ్చు తడి ఆరకముందే అతుకు వేయించేస్తానని మరిది తేల్చాడు. బండివాడికి ఇప్పుడే కబురు పెడతానని చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు.

"పూడ్చొద్దు" అన్నాను.

ఆ మాట నా నోట రావడం నాకే వినిపించింది. మరిది ఆగాడు.

"యేందొదినా, నువ్వే గదా చెయ్యమంటివి?"

"చెయ్యమంటిని. ఇప్పుడు వద్దంటా ఉండాను. ఒకసారి పూడ్చినాం గదా. చాలు."

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనను కూర్చోబెట్టిన రోజు మొదటి పిడికెడు మట్టి వేసినవాడు తనే. మరిది చొక్కా గుండీలు కాసేపు వేసుకుంటూ, కాసేపు తీసుకుంటూ గడప మీద కూర్చుండిపోయాడు. మా తోడికోడలు పిల్లను ఎత్తుకుని పెరట్లోకి పోయింది. మేస్త్రికి తెలుగు రాదు, అయినా తాపీ సంచిలో పెట్టేసుకుని, రేపు మట్టి వద్దుగా అని నన్నే అడిగాడు. వద్దన్నాను.

మరుసటి ఆదివారం మరిది పట్టాభిరామ్ నుంచి ఒక గడియ తెచ్చాడు. తను పనిచేసే చోట చేయించినది, బరువైనది, పిల్ల చేతికి కదలనిది. ఆ వేలితొర్ర పక్కన తనే బిగించాడు. చెక్క మీద నిలబడి రెండుసార్లు ఎగిరి చూశాడు. అన్న ఉంటే ఈ పని ఇంకా వంకరగా చేసుండేవాడని అన్నాడు. నిజమే, ఆయనకు సుత్తి పట్టుకోవడం రాదు.

ఆ గుంత దేనికి పనికొస్తుందో నాకు తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. పరీక్షల కాలం. పేపర్లు దిద్దడానికి ఇంట్లో బల్ల లేదు. కింద కూర్చుంటే మోకాళ్ళు లాగుతాయి, మంచం మీద కూర్చుంటే నడుము. ఒక మధ్యాహ్నం చెక్క ఎత్తి, ఒడ్డున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేశాను. ఎత్తిన పలకల్లో ఒకదాన్ని రెండు వైపులా ఇటుకల మీద ఆనించి గుంతకు అడ్డంగా నా ముందు వేసుకున్నాను. అది సరిగ్గా నా ఒడి మీదికి వచ్చింది. నడుము నిటారుగా ఉంది. కాళ్ళకు కింద నుంచి చల్లగా తగులుతోంది. నూలు తెగకుండా గుంతలో తేమ ఉండాలని ఆయన వేసవిలో నీళ్ళు చల్లేవాడు, ఆ చల్లదనం ఇంకా పోలేదు. కుర్చీ లేకుండా కుర్చీ, బల్ల లేకుండా బల్ల. పని అయిపోయాక మూత వేస్తే గది. ఇన్నేళ్ళూ రైలు పెట్టెల్లోనూ ఇడ్లీ కొట్లలోనూ వెతికిన నాకు, కూర్చోవడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఎక్కడా కనపడలేదు. అది మా ఇంట్లోనే ఉంది. దాన్ని ఉంచమనడానికి నా దగ్గర మంచి కారణం లేదని అంతకాలం అనుకున్నాను.

ఆడికృత్తికకు చుట్టాలు వచ్చారు. మొక్కు కావళ్ళు గోడకు ఆనించి, సన్‌షేడ్ కింద చెప్పులు కుప్ప పోసి, ఎర్రగచ్చు మీద చాపలు పరిచి పడుకున్నారు. ఒక పెద్దావిడ నడుస్తూ చెక్క మీద కాలు పెట్టగానే బోలు చప్పుడు వచ్చింది. ఆగి, కాలితో మళ్ళీ తట్టి, ఇక్కడ మగ్గం గుంత ఉండేది కదా, ఇంకా ఉంచినారా అని అడిగింది. పడగొట్టి కట్టిన ఇంట్లో ఇది మాత్రం ఎందుకని. నేను జవాబిచ్చేలోగా మా తోడికోడలు షోకేసు అద్దం తుడుస్తూనే చెప్పింది.

"అది మా అక్క ఆఫీసు పెద్దమ్మా. లోపలికి పోవాలంటే పర్మిషన్ కావాల."

పెద్దావిడ చెక్క మీదే కూర్చుని వక్క నమిలింది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. గుంత ఆయన పొడుగుకు తవ్వినది. నా కాళ్ళు అడుగుకు ఆనవు. కాసేపటికి మడమలు తిమ్మిరెక్కుతాయి. అడుగున మట్టిలో ఆయన మడమలు ఆనిన చోట రెండు పల్లాలు ఉన్నాయి, చేత్తో తడిమితే తెలుస్తాయి. అడుగును సిమెంటుతో ఎత్తు పెంచడం తేలిక. ఆ రెండూ మూసుకుపోతాయని అది వద్దనుకున్నాను. అడుగుకు జానెడు ఎత్తున, గోడ నుంచి గోడకు ఒక అడ్డపలక ఉంటే చాలు, కాళ్ళు దాని మీద ఆనుతాయి. పక్కవీధిలో పని చేస్తున్న మేస్త్రిని పిలిపించి, గుంతలో దిగి, చేత్తో ఎత్తు చూపించి, ఇక్కడ ఒక పలక పెట్టాలని చెప్పాను.

అతను గుంత ఒడ్డున గొంతుక్కూర్చుని నన్ను తీరిగ్గా చూశాడు.

"కల్లా, మరమా?" అన్నాడు. రాయా, చెక్కా అని. "ఇప్పవే సొల్లిడుంగ, టీచరమ్మా." ఇప్పుడే చెప్పేయండి అని.

మరమే అన్నాను.